తీసుకునే పిన్ను

ఒకటి

దీపం చూసేవాళ్ళు పని చేసిన ప్రతి రోజూ ఒక ముక్క రాసి పెట్టాలని ఓదెలు బాపు పెట్టిన నియమం. ఆయన మా సొరంగానికి పెద్దమనిషి. నాకు రాయడమంటే బద్ధకం. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పుస్తకాన్ని దీపం చూసేవాళ్ళు తప్ప ఎవరూ తెరవరు, ప్రస్తుతానికి దీపం చూసేది నేనొక్కదాన్నే. ఇక్కడైతే ఉన్నది ఉన్నట్టు రాసుకోవచ్చు. నోటితో చెప్పాలంటే మా దగ్గర ఆ వీలు లేదు.

నా పేరు భూలక్ష్మి. ఇవాళ పంకా తొక్కే వంతు ముగించుకుని, పుట్టగొడుగుల మడికి తడిగుడ్డ కప్పి, చిప్పు ముందు కూర్చున్నాను. పని వినడానికి చిన్నది. తూర్పు వాకిలి బయట ఒక ఎల్‌ఈడీ, పడమటి వాకిలి బయట ఒక ఎల్‌ఈడీ. వాకిలి లోపల గాలి మంచిదైతే దాని దీపం వెలగాలి. చచ్చుగాలి దిగితే ఆరిపోవాలి. వాకిళ్ళలో గాలిని పసిగట్టే పరికరాలున్నాయి, వాటిని మేం ముక్కులంటాం. ముక్కులు తమకు తెలిసింది చిప్పుకు చెబుతాయి, చిప్పు దీపానికి చెబుతుంది. మధ్యలో మనిషి ప్రమేయం ఉండదు.

సామాను కోసం బయటి బూడిద ముసురులోకి వెళ్ళిన బండి తిరిగొచ్చేటప్పుడు పెద్దగోతి అవతలి గట్టు మీద ఆగుతుంది. అక్కణ్ణించి రెండు దారులు. ఏ దీపం వెలుగుతోందో చూసుకుని ఆ దారి పడతారు. ఒకదాంట్లో చాలా దూరం వచ్చాక వెనక్కి తిరిగి రెండోది పట్టేంత గాలి వాళ్ళ బుడ్లలో మిగలదు. వాకిలి చేరేసరికి బుడ్డి ఖాళీ అవుతుంది, మూతికి కట్టుకున్న గొట్టం విప్పాల్సిందే. చచ్చుగాలికి రంగు లేదు, వాసన లేదు. అది ఉందని తెలిసేలోపే కాళ్ళు మడతపడతాయి.

బల్ల మీద చిప్పు పక్కనే, ఒక్కో వాకిలికి ఒకటి చొప్పున రెండు చిన్న దీపాలున్నాయి. ప్రోగ్రాం రాసి ఎక్కించాను. చిన్న దీపాలు చక్కగా వెలిగాయి. ముక్కు దగ్గర చచ్చుగాలి సంచి మూతి విప్పితే చక్కగా ఆరాయి. ఇక మిగిలింది బయటి దాకా తీగ లాగడమే. బయటిదీ దీపమే, ఇదీ దీపమే, ఇందులో ఏముంది అనుకున్నాను.

రెండు

ఇందులో ఏదో ఉంది. ఏముందో తెలియడం లేదు.

చిప్పు కాలైన పిన్ను నుంచి కరెంటును అదుపు చేసే రెసిస్టరు, రెసిస్టరు నుంచి తీగ, తీగ చివర బయట ఎల్‌ఈడీ, దాని రెండో కాలు మైనస్‌కు. మా సొరంగంలో దీపాలన్నీ ఇలాగే కడతాం. ఇచ్చేచోటు నుంచి దీపానికి, దీపం నుంచి మైనస్‌కు. మా ముత్తాతలూ ఇలాగే కట్టారు. కట్టి, అద్దాల గొట్టంలో కన్ను పెట్టాను. అందులోంచి బయటి గోడ మీది రెండు దీపాలూ, గోతి అవతలి గట్టూ కనిపిస్తాయి. తూర్పు దీపం ఉండాల్సిన చోట మసక తప్ప ఏమీ లేదు. చాలాసేపు చూస్తే ఒక ఎర్రచుక్క, ఉన్నట్టూ లేనట్టూ. అది బయటి చుక్కో, అలిసిపోయిన నా కంట్లోని చుక్కో కూడా చెప్పలేను.

అదే ఎల్‌ఈడీని బల్ల మీది బ్యాటరీకి తగిలిస్తే కళ్ళు చెదిరేలా వెలుగుతుంది. పిన్నుకు తగిలిస్తే నీరసం. మీటరు పెట్టి చూశాను. దీపం తగిలించనంతసేపూ పిన్ను దగ్గర ఓల్టులు నిండుగా ఉన్నాయి. దీపం తగలగానే సగానికి పడిపోయాయి. దీపం ఊడదీస్తే మళ్ళీ నిండుగా ఉన్నాయి. అంటే అడగనంతసేపూ ఉన్నట్టు, అడిగేసరికి లేనట్టా? ఇదేం వరసో నాకు అంతుబట్టలేదు. మీటరే చెడిపోయిందేమోనని దాన్ని రెండు చరుపులు చరిచాను.

అంతలో ఓదెలు బాపు కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఉన్నదా, బిడ్డా?"

"ఉన్నది, బాపు."

మా దగ్గర పలకరింపు అదే. తిన్నావా, నీళ్ళున్నాయా, ఒంట్లో బాగుందా, అన్నీ ఆ ఒక్క మాటలో అడుగుతారు. జవాబు కూడా ఒక్కటే. కడుపు ఎండిపోతున్నా ఉన్నదనే అనాలి. తొలి తరం వాళ్ళు ఈ బొగ్గు సొరంగాల్లోకి దిగినప్పుడు ఒకరి చేతిలోది ఒకరు గుంజుకుని చాలామంది పోయారట. అప్పటి నుంచి మాకు చేయి చాచడమంటే సిగ్గు. ఇవ్వడం మర్యాద. ఎవరైనా ఇస్తే నాకున్నదని వెనక్కి నెట్టడం ఇంకా పెద్ద మర్యాద. మా గల్లీలో ఎవరైనా పులుసు కాస్తే ఆ గిన్నె నాలుగిళ్ళు తిరిగి, చల్లారిపోయి, కాచినావిడ దగ్గరికే వస్తుంది. నవ్వొస్తుంది గానీ నేనూ ఆ గిన్నెను నెట్టినదాన్నే.

"దీపం?" అన్నాడు బాపు.

"అయితాంది."

"అయితాంది అంటే అయినట్టే గదా" అని తలూపుకుంటూ వెళ్ళిపోయాడు.

మూడు

రెసిస్టరే అడ్డుపడుతోందేమోనని తీసేశాను. దీపం వెలుగు పెరిగిందని చెప్పడానికి మనసొప్పదు, చిప్పు మీద వేలు పెడితే మాత్రం వెచ్చగా తగిలింది. భయపడి రెసిస్టరు మళ్ళీ పెట్టేశాను.

తర్వాత ఇద్దరు కలిసి ఇస్తే ఎక్కువ వస్తుంది కదా అని రెండు పిన్నులను ఒకే తీగకు ముడేశాను. వెలుగు కాస్త పెరిగింది, ప్రాణం లేచొచ్చినట్టయింది. అంతలోనే ఒక పిన్ను ఇస్తున్నప్పుడు రెండోది ఇవ్వక, ఒకదానికొకటి అడ్డం తిరిగాయో ఏమో, కాలిన వాసన వచ్చింది. గభాల్న తీగ పీకేశాను. చిప్పు చచ్చిందా బతికిందా? చిన్న దీపాలైతే వెలుగుతున్నాయి. లోపల ఏమి కాలిందో పైకి కనబడదు. మాకున్నది ఈ ఒక్క చిప్పే. ఇలాంటిదాన్ని ఎక్కడ చేస్తారో, ఇప్పుడు ఎవరైనా చేస్తున్నారో లేదో మాకు తెలియదు.

ఇలా దిక్కుతోచక కూర్చున్నప్పుడు తొట్టి గంట మోగింది. పడమటి గల్లీకీ మాకూ మధ్య తాడు మీద నడిచే తొట్టి అది. అందులో మందపాటి రాగి తీగ ఒక చుట్ట ఉంది. గోడలోని మాట్లాడే గొట్టంలోంచి మధునమ్మ వదిన గొంతు వినిపించింది.

"భూలక్ష్మీ, నీ తీగ సన్నగున్నదట గదా. గిది వాడుకో."

"నాకున్నది, వదినె."

"ఏడున్నది? ఉంటే దీపమెందుకు కనవడుతలేదు?"

"ఉన్నదంటున్న గదా."

తొట్టిని అలాగే వెనక్కి తోశాను. మర్యాదకు కాదు, కోపంతో తోశాను. ఆ తేడా ఆమెకూ తెలుసు.

మధునమ్మ మా అన్న రాజేశం భార్య. పడమటి వాకిలి కాపలా ఆమెది. చిప్పు రాకముందు గాలి ఎలా ఉందో గొట్టంలో అడిగి, దాన్నిబట్టి దీపాలు చేత్తో వేలాడదీసేవాళ్ళు. పోయిన ఎండల్లో ఒక సాయంత్రం ఓదెలు బాపు ఆమెను అడిగాడు, నీ వాకిట్లో గాలి మంచిగున్నదా అని. ఆ సమయానికి చచ్చుగాలి తగిలితే ఆరిపోయే జాలీ దీపం ఆమె చేతిలో ముడుచుకుపోతోందని తర్వాత పక్కింటివాళ్ళు చెప్పారు. అడిగినవాళ్ళకు లేదని చెప్పడం ఆమె పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చేయలేదు. ఉన్నదనే అంది. పడమట దీపం పెట్టారు. బండి లాక్కుంటూ ఆ దారిన వచ్చినవాడు మా అన్నే, ఆమె మొగుడే. తలుపు తీసేసరికి గడప దగ్గర కూలబడి ఉన్నాడు.

అప్పటి నుంచి నేను ఆమె ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. ఆమె కూడా ఆ సాయంత్రం సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. అన్న పోయాకే సభలో తేల్చారు, గాలి సంగతి మనుషుల నోటికి వదలకూడదని, మర్యాద తెలియని దేనికైనా అప్పజెప్పాలని. అలా చిప్పు నా బల్ల మీదికి వచ్చింది. లేదు అనడానికి సిగ్గుపడనిది మా సొరంగం మొత్తంలో ఇదొక్కటే. అదేమో దీపం దాకా వచ్చేసరికి నీరసపడుతోంది.

నాలుగు

పంకా బ్యాటరీలు ఒట్టిపోయాయి. తొక్కేవాళ్ళు కాళ్ళు పడిపోయేలా తొక్కినా లోపలి గల్లీలకు గాలి అందడం లేదు. బయట పాత ఇళ్ళ కప్పుల మీది, ఎండతో కరెంటు పుట్టించే ఎండపలకలు తెచ్చుకుంటే తప్ప గడవదు. ఓదెలు బాపు అందరినీ కూడలిలోకి పిలిచాడు.

"రేపు పొద్దుగాల బండి వోవాలె. సదయ్య పోతా అన్నడు. ఇంకొకరు?"

"నేను పోత" అంది రజిత. నా కూతురు.

బాపు నా వైపు తిరిగాడు. "భూలక్ష్మీ, దీపం ఉన్నదా?"

కూడలిలో అందరి కళ్ళూ నా మీద ఉన్నాయి. లేదు బాపు, దీపం కనబడటం లేదు, ఎందుకో నాకు తెలియడం లేదు, ఇంకో నాలుగు రోజులు ఆగండి అని చెప్పాలి. మాటలన్నీ నోట్లో వరసగా సిద్ధంగానే ఉన్నాయి.

"ఉన్నది, బాపు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కావడం లేదు. నా నోరే అన్నది, నేను అనలేదు అని రాసుకుంటే కాస్త బాగుంటుంది గానీ ఈ పుస్తకంలో అబద్ధం రాయనని మొదటే అనుకున్నాను. సిగ్గేసింది, అందుకే అన్నాను.

ఇంటికొచ్చాక రజిత బుడ్డి తుడుచుకుంటూ అడిగింది.

"అమ్మా, దీపం నిజంగనే వెలుగుతాందా?"

"ముందు నీ బుడ్డి మూత సరిగ్గ బిగించుకో."

"మాట తప్పిస్తున్నవంటే ఏదో ఉన్నట్టే."

"నేను చూస్కుంట గదనే. నువ్వు గట్టు మీదికొచ్చేసరికి దీపం ఉంటది."

నవ్వి ఊరుకుంది. తల్లి మాట నమ్మే పిల్ల.

ఐదు

పొద్దున బండి వెళ్ళిపోయింది. అద్దాల గొట్టంలో చూస్తుండగానే ముసురు దాన్ని మింగేసింది. నేను వచ్చి బల్ల ముందు కూలబడ్డాను.

చిప్పులో ఇప్పుడున్నది పరీక్ష ప్రోగ్రాం. దీపాన్ని వెలిగిస్తుంది, ఆర్పుతుంది, వెలిగిస్తుంది, ఆర్పుతుంది, అంతే. ముక్కులతో పని లేదు. వెలుగు ఎంత ఉందో చూసుకోవడానికి అది వాడతాను. ఏం చేయాలో తోచక, ఎల్‌ఈడీ బతికే ఉందో లేదోనని బ్యాటరీ మీద చూద్దామనుకున్నాను. ప్లస్ నుంచి రెసిస్టరు, రెసిస్టరు నుంచి ఎల్‌ఈడీ, దాని రెండో కాలి తీగ మైనస్‌కు తగిలించబోతుంటే ఆ తీగ కొస జారి చిప్పు పిన్ను మీద పడింది.

దీపం భగ్గున వెలిగింది. ఆరింది. మళ్ళీ భగ్గున వెలిగింది.

ఉలిక్కిపడి తీగ లాగేశాను. కాసేపు దాన్నీ చిప్పునూ మార్చి మార్చి చూశాను. తర్వాత కావాలనే మళ్ళీ ఆనించాను. మళ్ళీ వెలిగింది, బ్యాటరీకి నేరుగా తగిలించినంత వెలుగుతో. చిప్పు వేడెక్కను కూడా లేదు. అప్పుడు మెల్లగా బుర్రకెక్కింది. ఈ పిన్నుకు ఇచ్చే శక్తి లేదు. దీపానికి బ్యాటరీ ఇస్తుంటే, దీపం గుండా వచ్చినదాన్ని మింగే శక్తి మాత్రం బోలెడుంది. ఇది ఇచ్చే రకం కాదు, తీసుకునే రకం. చేసినవాళ్ళు దీన్ని అలాగే చేశారన్నమాట. తీసుకోవడం కూడా ఒక పనే అన్నట్టు. ఇలాంటి బుద్ధి పుట్టిన ఆ మనుషులు ఎలాంటివాళ్ళో నాకు ఊహకందలేదు.

రెండు దీపాలనూ అలాగే కట్టాను. ప్లస్ నుంచి రెసిస్టరు, దీపం, తీగ, పిన్ను. అద్దాల గొట్టంలో చూస్తే గోడ మీద రెండు చోట్లా ముసురును చీల్చుకుంటూ ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఆనందంలోనే ఒక సిగ్గు. మా సొరంగంలో మొదటిసారి ఒక దీపాన్ని తీసుకునే చోటికి కట్టాను. ఎవరైనా వచ్చి చూస్తే ఏమనుకుంటారోనని తీగల మీదా చిప్పు మీదా గోనెపట్టా కప్పేశాను. తప్పు పని చేసి వచ్చినదానిలా దాని వంక మళ్ళీ చూడబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం దాటాక పరీక్ష ప్రోగ్రాం తీసేసి అసలుది ఎక్కించాను. తూర్పు దీపం నిండుగా వెలిగింది. పడమటిది ఆరిపోయి ఉంది. అంటే తూర్పున గాలి ఉంది, పడమట చచ్చుగాలి దిగింది. మధునమ్మ వదిన వాకిలే కదా, నాకు ఆశ్చర్యమేమీ అనిపించలేదు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. గోనెపట్టా సర్దుతుంటే కనిపించింది, బల్ల మీది చిన్న దీపాలు తలకిందులుగా ఉన్నాయి. తూర్పుది ఆరి ఉంది, పడమటిది వెలుగుతోంది. కంగారులో తీగలు అటూ ఇటూ ఊడి ఉంటాయి. రేపు చూస్తాను.

ఆరు

ఇది జరిగిన మర్నాడు రాస్తున్నాను. నిన్న పెన్సిలు పట్టుకునే స్థితిలో లేను.

సాయంత్రం బండి వచ్చే వేళకు తలుపు గొళ్ళెం తీసి సిద్ధంగా ఉందామని జాలీ దీపం పట్టుకుని తూర్పు వాకిలి వైపు బయల్దేరాను. చచ్చుగాలి లోపలికి రాకుండా కట్టిన తడి గోనె తెర దాటి కొంచెం దూరం నడిచానో లేదో దీపం పొడవు తగ్గింది. నీలంగా మారింది. ఆరిపోయింది. దీపం ఆరితే అడుగు వెనక్కి వేయడం మాకు నడక నేర్చినప్పటి నుంచి అలవాటు. ఆలోచించకుండానే వెనక్కి వచ్చాను. తెర ఇవతలికి వచ్చి మళ్ళీ వెలిగించి వెళ్ళాను. అదే చోట మళ్ళీ ఆరింది.

పరుగున వచ్చి అద్దాల గొట్టంలో కన్ను పెట్టాను. బయట తూర్పు దీపం దివ్యంగా వెలుగుతోంది.

చేతిలో దీపం గాలి లేదంటోంది. గోడ మీది దీపం ఉన్నదంటోంది. రెండింట్లో ఏది నిజం? చేతి దీపంలో నూనె అయిపోయిందా? లేదు, ఊపితే చప్పుడవుతోంది. తూర్పు తీగా పడమటి తీగా మారిపోయాయా? ముక్కు పాడైందా? లేక ఆరోజు రెండు పిన్నులు ముడేసినప్పుడు కాలిన వాసన వచ్చింది కదా, అప్పుడే చిప్పుకు మతి చలించిందా? తీగలు మారి ఉంటే పడమటి గాలి మంచిది. చిప్పు కాలి ఉంటే పడమట ఏముందో దేవుడికే తెలియాలి. రెండు వాకిళ్ళలోనూ చచ్చుగాలి ఉన్న రోజులూ లేకపోలేదు. ఎటూ పాలుపోలేదు.

అవతలి గట్టు మీద బండి దీపం కనిపించింది. వచ్చారు. ఆగారు. చూసుకుంటున్నారు. ఆ మినుకు కదిలి తూర్పు దారి వైపు తిరిగింది.

గోనెపట్టా లాగి పారేసి చిప్పును దాని గూట్లోంచి పీకేశాను. బయట రెండు దీపాలూ ఆరిపోయాయి. బండి దీపం ఆగింది, గట్టు నుంచి పెద్ద దూరం రాలేదు. ఇప్పుడు వాళ్ళకు ఏ దారీ లేదు. చీకట్లో నిలబడి బుడ్డిలో గాలి పీల్చుకుంటూ నా దీపం కోసం చూస్తున్నారు. నువ్వొచ్చేసరికి దీపం ఉంటుందని నేనే చెప్పాను.

గొట్టం మూత తీశాను.

"వదినె."

"ఉన్నదా, భూలక్ష్మీ?" అంది, ఎప్పటిలాగే.

అలవాటు మాట నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళు బిగించి దాన్ని ఆపాను.

"లేదు" అన్నాను. "నా వాకిట్ల గాలి లేదు, వదినె. దీపం వెలుగుతాంది గని గాలి లేదు. నా చిప్పుకు ఏమైందో నాకు తెలుస్తలేదు. రజిత గట్టు మీద నిలవడ్డది. నాకు నీ వాకిలి కావాలె."

లేదు అనే మాటను ఎవరైనా ఆమెతో అనడం అదే మొదటిసారి అయి ఉంటుంది. నేను అనడమూ అదే మొదటిసారి. ఆమె మళ్ళీ మర్యాదకు ఉన్నదంటే ఏం చేయాలి? నమ్మితే మా అన్నకు పట్టిన గతి. నమ్మకపోతే ఇద్దరూ గట్టు మీదే.

"ఆగు" అంది. గొట్టంలో అడుగుల చప్పుడు దూరమైంది.

అద్దాల గొట్టంలో కన్ను పెట్టి నిలబడ్డాను. బండి దీపం కదలడం లేదు. ఆ మినుకును చూస్తూ రజితా రజితా అనుకుంటూ ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు. గొట్టంలో ఆయాసపడుతున్న గొంతు వినిపించింది.

"పోయి సూసొచ్చిన. తలుపు దాక పోయిన. గొళ్ళెం పట్టుకొని నిలవడి ఊపిరి దీసిన. జాలీ దీపం నిలువుగ మండుతాంది. భూలక్ష్మీ, గిది మర్యాదకు ఉన్నది కాదు. నిజంగ ఉన్నది."

"నిజంగనా, వదినె?" అన్నాను.

"అప్పుడు లేకుండె" అంది. "నీ అన్న వచ్చిన్నాడు లేకుండె. దీపం నా చేతులనే సచ్చిపోతాంది, ఉన్నదన్న. లేదనుటానికి నోరు రాలే. గిప్పుడు ఉన్నది. తీస్కో."

ఇంక నేను చిప్పు జోలికి పోలేదు. మర్యాద తెలియనిదని, అబద్ధం రానిదని సభ అంతా కలిసి నమ్మిన దాన్ని పక్కన పెట్టి, పడమటి దీపం తీగ తెచ్చి నేరుగా మైనస్‌కు కలిపేశాను. వదిన మాట ఒక్కటే ఆధారం. పడమటి గోడ మీద దీపం వెలిగింది.

బండి దీపం కాసేపు అక్కడే ఉంది. వాళ్ళకు మాత్రం ఏమర్థమవుతుంది, తూర్పుది వెలిగి ఆరి, అంతా చీకటై, ఇప్పుడు పడమటిది వెలిగితే? తర్వాత మెల్లగా తిరిగి పడమటి దారి పట్టింది. దారి వంపులో కనబడకుండా పోయింది. నేను గొట్టానికి చెవి ఆనించి కూర్చున్నాను. తలుపు కిర్రుమన్న చప్పుడు. దగ్గు. వెనక సదయ్య దగ్గు. తర్వాత మాట.

"అమ్మా, ఏంది గా దీపాలు, దీపావళి పండుగనా?"

నేను ఏడ్చిన ఏడుపు పడమటి గల్లీ అంతా విన్నదని ఇవాళ అందరూ చెబుతున్నారు.

ఏడు

ఇవాళ గోనెపట్టా లేకుండా, దీపం దగ్గర పెట్టుకుని బల్ల ముందు కూర్చున్నాను. చిప్పు కాలలేదు. తీగలు మారలేదు. ముక్కులు బాగానే ఉన్నాయి. చిప్పు మొదటి నుంచీ నిజమే చెప్పింది. పిన్ను ఇచ్చినప్పుడు వెలిగేలా రాసిన ప్రోగ్రాం అది. నేనేమో దీపాన్ని పిన్ను తీసుకున్నప్పుడు వెలిగేలా కట్టాను. దాంతో చిప్పు గాలి ఉన్నదన్నప్పుడు దీపం ఆరింది, లేదన్నప్పుడు వెలిగింది. పరీక్షలో ఎందుకు తెలియలేదంటే, వెలుగుతూ ఆరుతూ ఉండేదాన్ని తలకిందులు చేసినా అది వెలుగుతూ ఆరుతూనే ఉంటుంది. బల్ల మీది చిన్న దీపాలు మాత్రం పాత పద్ధతిలోనే ఉండి, సరిగ్గా చెబుతూనే ఉన్నాయి. వాటి మీద పట్టా కప్పింది నేను. పడమట చచ్చుగాలి అనేసరికి వెంటనే నమ్మిందీ నేనే.

ప్రోగ్రాంలో ఒక్క గుర్తు చేర్చాను, ఉన్నదంటే లేదనీ లేదంటే ఉన్నదనీ తిప్పి పిన్నుకు చెప్పే గుర్తు. ముక్కుల దగ్గర చచ్చుగాలి సంచి విప్పి, మూసి, మళ్ళీ విప్పి చూశాను. ఇప్పుడు బయటి దీపాలు సరిగ్గా ఉన్నాయి. నా తర్వాత ఈ బల్ల ముందు కూర్చునేవాళ్ళ కోసం చెక్క మీద మేకుతో గీశాను, ఈ పిన్ను తీసుకునే రకం, దీన్ని ఇవ్వమని అడగొద్దు, పట్టా కప్పొద్దు అని.

ఓదెలు బాపు వచ్చాడు.

"ఉన్నదా, బిడ్డా?"

"ఇయ్యాల ఉన్నది, బాపు. మొన్న నువ్వడిగిన్నాడు లేకుండె."

కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడిపోయాడు. "గట్లనా" అని వెళ్ళాడు. ఇంతకీ కోపగించుకున్నాడో లేదో నాకు తెలియలేదు.

సాయంత్రం పడమటి గల్లీకి నడిచి వెళ్ళాను. అన్న పోయాక ఆ గడప తొక్కడం ఇదే మొదలు. రజిత అక్కడే ఉంది, వాళ్ళ అత్తమ్మ దగ్గర కూర్చుని బుడ్డి గొట్టం కడుగుతోంది. వదిన పొయ్యి ముందు ఉంది. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఇద్దరం గోడ మీద అన్న చొక్కా వేలాడే మేకు వైపు చూశాం.

"తీగ ఇంకా ఉన్నదా, వదినె?" అన్నాను. "నా తీగ సన్నగున్నది. నీది కావాలె."

ఆమె తీగ చుట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తర్వాత అడిగింది, నా ముఖంలోకి చూడకుండా.

"తిన్నవా?"

"లేదు" అన్నాను. "ఆకలైతాంది."

రజిత కడుగుతున్న గొట్టం పక్కన పెట్టి నోరు తెరుచుకుని నన్నే చూసింది. వదిన గిన్నె నా ముందుకు జరిపింది. నేను వెనక్కి నెట్టలేదు. పులుసు ఇంకా వేడిగానే ఉంది.